కాలేయంలో గడ్డకు సూది పరీక్ష అవసరమా?

“స్కానింగులో లివరులో గడ్డ కనబడింది” అనగానే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. అయితే కాలేయంలోని ప్రతి గడ్డా క్యాన్సరు కాదని మనము మొదట గ్రహించాలి.

హానిచేయని గడ్డలలో ఎక్కువగా కనబడేది హెమాంజియోమా. ఇది రక్తనాళాల ముద్ద. మందు ఎక్కించి తీసే సి.టి., ఎమ్.ఆర్.ఐ. స్కానులలో చాలావరకు ఇది తెలిసిపోతుంది. కనుక సాధారణంగా సూది గుచ్చరు. గుచ్చితే రక్తస్రావం కావచ్చు. కుక్కల మలం ద్వారా సోకే పురుగు వలన ఏర్పడే హైడాటిడ్ తిత్తి అని అనుమానముంటే మరీ జాగ్రత్త. అది చిట్లితే ప్రాణాపాయకరమైన ఎలర్జీ రావచ్చు.

స్కానులు తేల్చలేనప్పుడు బయాప్సీ మేలు చేస్తుంది. చర్మానికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండులో చూస్తూ సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తారు. ముందుగా రక్తం సరిగా గడ్డకడుతున్నదో లేదో చూస్తారు. ఆస్పిరిన్ వంటి మందులు వాడుతుంటే దాచకుండా చెప్పాలి. తరువాత కొన్ని గంటలు ఆసుపత్రిలోనే పడుకోవాలి. కడుపునొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా వెంటనే నర్సుకు చెప్పాలి.

ముక్క చిన్నది గనుక ఒక్కొక్కసారి జవాబు తేలకపోవచ్చు. అందుచేత సంతకం చేసేముందు డాక్టరుగారిని మనము అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: “ఈ పరీక్ష వలన వైద్యం మారుతుందా?” ఇలా అడగడం అమర్యాద కాదు.