మందు కన్నా ముందు పట్టు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఇంట్లో పేలు పడ్డాయంటే అందరూ అడిగేది మందు పేరే. ఏ పొడి చల్లాలి, ఏ నూనె రాయాలి, ఎన్ని చుక్కలు పోయాలి? కోడిని ఎలా పట్టుకోవాలని అడిగేవాళ్లు అరుదు. మర్నాడు కోడి తల వాల్చేస్తే మందు ఎక్కువైందని సరిపెట్టుకుంటారు. పట్టిన తీరును ఎవరూ అనుమానించరు. నన్నడిగితే మొదట అనుమానించాల్సింది దాన్నే.

కారణం కోడి ఊపిరి తీసుకునే పద్ధతిలో ఉంది. మనకు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉదరవితానం ఉంటుంది. కోడికి అలాంటిది లేదు. దాని ఊపిరితిత్తులు మనవాటిలా సాగవు కూడా. రొమ్ము ఎముక, పక్కటెముకలు కదిలితేనే ఒంట్లోని గాలి సంచులు నిండుతాయి. అందుకే పిల్లలు ముద్దుగా రొమ్ము అదిమి పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా దానికి ఊపిరాడదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే పేగుల బరువంతా గాలి సంచుల మీద పడుతుంది. మేత సంచి నిండుగా ఉంటే అందులోని నీళ్లు నోట్లోకొచ్చి గాలిగొట్టంలోకి దిగవచ్చు. ఇక ఒక్క రెక్క దొరకబుచ్చుకుని లాగడం మరీ చేటు. రెక్క మొదట్లో ఉండే ఎముక బోలుగా ఉండి, గాలి సంచితో కలిసి ఉంటుంది. అది విరిగితే రెక్కతో పాటు ఊపిరికీ దెబ్బే.

తాతల నాటి నుంచి కోళ్లను కాళ్లు కట్టి సైకిల్‌కు వేలాడదీసి సంతకు తీసుకుపోవడం లేదా, ఏమైందని అడిగేవాళ్లుంటారు. సంతకు పోయిన కోడి ఆ సాయంత్రమే కూరలోకి పోతుంది. దాని ఊపిరి సంగతి ఎవరు చూశారు గనక? వేలాడే కోడి కదలకపోవడం చూసి కుదురుగా ఉందనుకుంటాం గానీ, అది భయంతో బిగుసుకుపోవడం. పైగా మనం మందు వేసేది రక్తం తాగే పురుగులు పట్టి, తురాయి పాలిపోయి, అసలే నీరసించిన కోడికి. గోదావరి జిల్లాల్లో పందెం పుంజుల్ని సాకేవాళ్లు పుంజును చంకన పెట్టుకుని, రొమ్ము కింద చెయ్యి ఆనించి తిప్పుతారు. పందెం చట్టం ఒప్పని పని, ఆ గొడవ వేరు. ఆ పట్టు మాత్రం నేర్వదగ్గది.

పట్టుకోవడానికి మంచి వేళ చీకటి పడ్డాక. గూట్లో చేరిన కోడికి చీకట్లో చూపు ఆనదు, తరమాల్సిన పనుండదు. రక్తం తాగే ఎర్రనల్లి పగలు గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రే కోడి మీదికెక్కుతుంది కాబట్టి, టార్చి వేస్తే దొంగ కూడా దొరుకుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అస్సలు తరమకూడదు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి దిక్కు. రెండు చేతులతో రెక్కలు మూసి ఎత్తి, ఒక అరచేతిని రొమ్ము కిందికి చేర్చి, కాళ్లను వేళ్ల మధ్య ఇరికించి, బరువంతా ముంజేతి మీద ఆననివ్వాలి. తల మన మోచేతి వైపుంటే తోక కిందా రెక్కల కిందా పేలు వెతకడం తేలిక. గింజుకునే కోడికి తుండుగుడ్డ వదులుగా చుడితే చాలు.

నోట్లో మందు పోసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది. సిరంజితో ఒక్కసారిగా పోస్తే మందు అందులోకే పోతుంది. నోటి పక్క నుంచి చుక్కచుక్కగా వేస్తే అదే మింగుతుంది. నట్టల మందును తాగే నీళ్లలో కలిపేస్తే ఈ బాధే ఉండదు కదా అంటే, పెద్ద మందకు అదే దారి. కానీ జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, మందు అవసరమైనదానికే అందకుండా పోతుంది. కాళ్ల మీద గజ్జి పొలుసులు లేస్తే నూనె రాసి నాననివ్వాలి గానీ గీకి రక్తం తెప్పించకూడదు. కిరోసిన్, పొలానికి కొట్టే మందుల జోలికి పోవద్దు. ఒకప్పుడు విచ్చలవిడిగా చల్లిన బీహెచ్‌సీ పురుగుమందు పొడిని మన దేశం 1997లోనే నిషేధించింది. పేలకు వాడే డెల్టామెత్రిన్ మందు కలిపిన నీళ్లు మిగిలితే చెరువులో పారబోయకండి, చేపలు చచ్చిపోతాయి.

ఆరోగ్యంగా కనిపించే కోడి కూడా సాల్మొనెల్లా అనే రోగక్రిమిని మోస్తుండవచ్చు. మూతికి గుడ్డ, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. ఐదేళ్లలోపు పిల్లల్ని ఈ పనికి దూరంగా ఉంచాలి. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చచ్చిపోతుంటే అసలు ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పాలి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది అదే.

ఒకసారితో పేలు పోవు. మందులు చాలావరకు ఈపిని చంపవు కాబట్టి 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ పట్టుకోవాల్సిందే. మొదటిసారి మొరటుగా పట్టి ఉంటే రెండోసారి అది మీ చేతికి చిక్కదు. ఒక్క కోడికి ఇంత హంగామా ఎందుకంటారా? దాని గుడ్డు మీ పిల్లల కంచంలోకే వస్తుంది. 2017లో ఐరోపాలో కోళ్ల ఫారాల్లో ఎర్రనల్లికి వాడకూడని ఫిప్రోనిల్ అనే పురుగుమందు వాడితే అది గుడ్లలోకి చేరింది, లక్షల గుడ్లు దుకాణాల నుంచి వెనక్కి పోయాయి. మందు వేశాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో పశువుల డాక్టర్‌ను అడగండి. అడిగి తెలుసుకునేదాకా ఆ గుడ్లు వండకండి.