నాయకుడు మారినా... ఊరు ఆగకూడదు!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... కడప జిల్లాలో మూడు పట్టణాలు. ఒకటి ఏ ప్లానూ లేకుండా వ్యాపారంతోనే పెరిగింది. ఒకటి ఉక్కు ఫ్యాక్టరీ కోసం పదహారేళ్లలో నాలుగు శంకుస్థాపనలు చూసింది. ఇంకొకటి ముఖ్యమంత్రుల సొంతూరు కాబట్టి పెద్ద నగరాలకే పరిమితమైన హంగులెన్నో పొందింది. ఒక చిన్న పట్టణం పాతికేళ్ల తర్వాత ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించాలి? దాన్ని చివరిదాకా ఎవరు నడిపించాలి? ఈ మూడూళ్ల కథలో ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

పులివెందుల: రెండు విడతల ఊరు

వై.ఎస్.రాజశేఖరరెడ్డి 1978లో తొలిసారి పులివెందుల నుంచి అసెంబ్లీకి వెళ్లారు. 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మరుసటి ఏడాదే పంచాయతీగా ఉన్న పులివెందుల మున్సిపాలిటీ అయింది. 2006లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. ఊరి చుట్టూ రింగురోడ్డు వెలిసింది. వీటన్నిటినీ ఒకచోట నుంచి చూసేందుకు పులివెందుల ఏరియా డెవలప్‌మెంట్ ఏజెన్సీ... స్థానికులు పిలిచే పేరు 'పాడా'... ఏర్పడింది. 2011 లెక్కల్లో కూడా డెబ్భై వేల జనాభా దాటని ఊరికి సొంతంగా ఒక అభివృద్ధి సంస్థ ఉండటం అప్పట్లో విశేషమే.

సంస్థ ఆలోచనలో తప్పులేదు. మన ఊళ్లలో సాధారణంగా జరిగేదేమిటి? ఒక శాఖ రోడ్డు వేస్తుంది. ఆరు నెలలకు మరో శాఖ వచ్చి మంచినీళ్ల పైపు కోసం తవ్వుతుంది. పూడ్చేలోపు మురుగు కాలువ వాళ్లు వస్తారు. ఈ శాఖలన్నిటికీ ఒకే ప్లాను, ఒకే అజమాయిషీ ఉంటే ముందు భూమి కింద పని పూర్తయి, తర్వాత పైన తారు పడుతుంది. డబ్బూ మిగులుతుంది, జనానికి దుమ్మూ తప్పుతుంది.

2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వై.ఎస్. మరణించారు. ఆ తర్వాత పనుల వేగం తగ్గింది. దీనికి పెద్ద ఉదాహరణ పశువుల పరిశోధన కోసం ఊరి పొలిమేరలో కట్టిన 'ఇగ్‌కార్ల్' ప్రాంగణం. వందల ఎకరాల్లో భవనాలు లేచాయి. కానీ అందులో నడవాల్సిన పరిశోధన మాత్రం నడవలేదు. ఏళ్ల తరబడి తలుపులు మూసుకునే ఉన్నాయి.

2019లో వై.ఎస్.జగన్మోహనరెడ్డి ముఖ్యమంత్రి కావడంతో రెండో విడత మొదలైంది. పాడాకు మళ్లీ ప్రాణమొచ్చింది. 2022 డిసెంబరులో కొత్త బస్ టెర్మినల్ తెరుచుకుంది. 2024 మార్చి 11న ఒక్కరోజే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అరటి ప్యాక్‌హౌస్, మినీ సచివాలయం, సెంట్రల్ బౌలెవార్డ్, ఉలిమెల్ల చెరువు సుందరీకరణ ప్రారంభమయ్యాయి. మూడు నెలలకే ప్రభుత్వం మారింది. ఆ ఏడాదే పులివెందుల వైద్య కళాశాలకు జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇస్తే, వసతులు చాలవంటూ కొత్త ప్రభుత్వం వద్దంది. దానిపై పెద్ద రాజకీయ దుమారమే రేగింది. ఎవరి వాదన ఎలా ఉన్నా ఒకటి మాత్రం నిజం. ఆ ఏడాది ఆ ఊళ్లో పిల్లలు కూర్చోవాల్సిన తరగతి మొదలు కాలేదు.

జమ్మలమడుగు: నాలుగు శిలాఫలకాలు

పులివెందులకు అధికారం ఉన్నప్పుడన్నా పని జరిగింది. జమ్మలమడుగుకు ఆ భాగ్యమూ దక్కలేదు. 2007 జూన్‌లో అంబవరం దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన జరిగింది. పదివేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. కంపెనీ అధినేత గాలి జనార్దనరెడ్డి 2011లో ఓబుళాపురం గనుల కేసులో అరెస్టయ్యారు. 2013లో భూకేటాయింపు రద్దయింది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమేమో సెయిల్ పరిశీలించాలని రాశారు. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర చంద్రబాబునాయుడు రెండో రాయి వేశారు. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ మూడో రాయి వేశారు. అదే చోట 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూ సంస్థతో కలిసి నాలుగో భూమిపూజ!

ఉక్కు కోసం ఎదురుచూడటంలో ఉన్న నష్టం పైకి కనిపించదు. ఫ్యాక్టరీ వస్తుందన్న మాట వినగానే చుట్టూ భూముల ధరలు లేస్తాయి. రాలేదంటే పడిపోతాయి. అదే సమయంలో ఊరికి ఉన్న బలాల మీద చూపు తగ్గుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల నాపరాయి దేశమంతా 'కడప బండ'గా పేరుపొందింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో పెన్నా లోయ, గండికోట ఉన్నాయి. గండికోట పర్యాటకానికి 2024 నవంబరులో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. కోట చూడటానికి వచ్చినవాళ్లు రాత్రికి జమ్మలమడుగులో బస చేయాలంటే ఊళ్లో మంచి గదులు, శుభ్రమైన వీధులు, చీకటి పడ్డాక కూడా నడిచే బస్సులు కావాలి. వీటికి మరో శిలాఫలకం అక్కర్లేదు. మున్సిపాలిటీ పట్టించుకుంటే చాలు.

నీళ్లు... రైలు: ఆగినా చేరాయి

అయితే ఈ ప్రాంతంలో ప్రభుత్వాలు మారినా ముందుకు సాగినవీ ఉన్నాయి. శ్రీశైలం నీటిని గండికోటకు తెచ్చే గాలేరు-నగరి పథకానికి ఎన్టీఆర్ కాలంలో శ్రీకారం చుట్టారు. వై.ఎస్. జలయజ్ఞంలో పనులు ఊపందుకున్నాయి. 2017 జనవరిలో పైడిపాలెం ఎత్తిపోతలను చంద్రబాబు ప్రారంభించారు. 2020లో 26.85 టీఎంసీల గండికోట జలాశయం, పది టీఎంసీల చిత్రావతి జలాశయం జగన్ హయాంలో నిండాయి. ఒక ప్రభుత్వం తవ్విన కాలువలో మరో ప్రభుత్వం నీళ్లు పారించింది. పులివెందుల అరటి, చీనీ తోటలకు ఊపిరి ఆ నీళ్లే.

ఆ నీళ్ల వెనక మరో కన్నీళ్ల కథ కూడా ఉంది. కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు గండికోట ముంపులో కలిసిపోయాయి. 2020లో ఇళ్ల ముందుకు నీళ్లొస్తుంటే పరిహారం, పునరావాసం తేల్చాకే ఖాళీ చేస్తామని జనం ఆందోళనకు దిగారు. ప్రణాళిక అంటే నీళ్ల లెక్క మాత్రమే కాదు, ఊరు వదిలి వెళ్లేవాళ్ల లెక్క కూడా.

రైలుదీ ఇలాంటి కథే. ఎర్రగుంట్ల-నంద్యాల మార్గం 1996-97లో మంజూరైంది. 2016 ఆగస్టులో పూర్తయింది. ఇరవై ఏళ్లు! ఆలస్యమే. కానీ మధ్యలో ఎవరూ ఆపలేదు. అంతవరకు రైలెక్కాలంటే ఎర్రగుంట్లకు పరుగెత్తిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాసులకు సొంత స్టేషన్లు వచ్చాయి.

ప్రొద్దుటూరు: తనంతట తానే

ఈ మూడింటిలో పెద్దది ప్రొద్దుటూరు. 2011 నాటికే జనాభా లక్షా అరవై వేలు దాటింది. బంగారం వ్యాపారానికి 'రెండో ముంబై' అంటారు. దసరా ఉత్సవాలకు 'రెండో మైసూరు' అంటారు. పెళ్లి నగలంటే సీమ జిల్లాల వాళ్లకు మొదట గుర్తొచ్చే ఊరు ఇదే. ముఖ్యమంత్రి ఊరు కాకపోయినా ఎదిగింది. కానీ ఆ ఎదుగుదలకు వీధులు సరిపోలేదు. బంగారు అంగళ్ల సందుల్లో పండగ రోజుల్లో నడవటమే కష్టం.

1915లో ప్రొద్దుటూరు మున్సిపాలిటీ అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్కాట్లాండ్‌కు చెందిన పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు ప్రెసిడెన్సీలో మదురై, తంజావూరు, బళ్లారి లాంటి ఊళ్లు తిరిగి నివేదికలిచ్చారు. ఆయన మాట ఒక్కటే. పాత వీధిని మొత్తం కూల్చొద్దు, వైద్యుడిలా ముందు రోగం చూడు, ఎక్కడ అవసరమో అక్కడే కత్తి పెట్టు. అంటే పది అంగళ్లు తీసేసి రోడ్డు వెడల్పు చేసే ముందు, రెండు వాహనాలు నిలిపే చోటు, ఒక లోపలి దారి చూపిస్తే సరిపోతుందేమో చూడాలి. నూరేళ్ల తర్వాత కూడా ప్రొద్దుటూరు బజారుకు పనికొచ్చే సలహా ఇది.

జవాబు ఎక్కడుంది?

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులు చెప్పింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక! ఊరి ప్లాను ఊరివాళ్లే వేసుకోవాలన్నది దాని ఉద్దేశం. కానీ జరిగిందేమిటి? 2010లో గడువు తీరిన మున్సిపల్ పాలకవర్గాలకు 2014 దాకా ఎన్నికల్లేవు. 2019లో తీరిన గడువుకు 2021లో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో ప్రత్యేకాధికారుల పాలనే. ఇరవై ఏళ్ల ప్లానుకు అడగాల్సిన కౌన్సిలరే ఏళ్ల తరబడి లేకపోతే, ఊరి భవిష్యత్తు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో తేలుతుంది.

పులివెందుల పాఠం నిధులు వద్దని కాదు, నిధులు మనిషితో కాక ఊరితో ముడిపడాలని. జమ్మలమడుగు పాఠం ఫ్యాక్టరీ వద్దని కాదు, అది వచ్చేదాకా ఊరు చేతులు కట్టుకోకూడదని. ప్రొద్దుటూరు పాఠం ప్లాను అక్కర్లేదని కాదు, బతుకుతున్న బజారును చూసి ప్లాను వేయాలని. కాలువ, రైలు చూపించిన దారి కూడా అదే. ఎవరు మొదలుపెట్టినా తర్వాతి వారు కొనసాగించారు కాబట్టే అవి జనానికి దక్కాయి. తమ ఊరి ప్లాను ఎక్కడుందో, అందులో ఏ పని ఆగిందో మున్సిపాలిటీకి వెళ్లి అడిగే జనం ఉన్నప్పుడే నాయకుడు మారినా ఊరు ఆగదు.