హడగలి బిడ్డ లెక్క.. మన పిల్లలకు అందేదెలా?
డేటా సైన్స్ పరిశోధనకు కావలసింది కంప్యూటర్ ఒక్కటే కాదు, వెంట నడిచే మాస్టారు కూడా

హూవిన హడగలి అనగానే ఎవరికైనా మల్లెపూలే గుర్తొస్తాయి. ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఈ సంగతి బళ్లారి చుట్టుపక్కల తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. ఆయన పుట్టిన 1920లో హడగలి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. నాన్నగారు పోలీసు శాఖలో పనిచేసేవారు. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరికి విశాఖపట్నం చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

డేటా సైన్స్ కోర్సులో చేరిన ప్రతి విద్యార్థీ ఏదో ఒక సెమిస్టర్‌లో ఆయన పేరు మీదుగా వెళ్లాల్సిందే. పాఠ్యపుస్తకంలో 'క్రామర్-రావు' అని కనిపించే రావు ఈయనే. ఇంటిపేరు లేకపోవడంతో మనవాడని పోల్చుకోవడం కష్టం, అంతే!

క్లాసులో అడిగిన ప్రశ్న

రావు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లారు. అక్కడ పి.సి. మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941లో శిక్షణకు చేరారు. మహలనోబిస్ పాఠం చెప్పి ఊరుకునే రకం కాదు. ఒడిశాలో 1926లో బ్రాహ్మణి నదికి వరదలొస్తే, నది అడుగు పైకి లేచింది కాబట్టి కరకట్టలు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. ఆయన అరవై ఏళ్ల లెక్కలు ముందేసుకుని, అడుగు పెద్దగా లేవలేదని తేల్చారు. ఎగువన ఆనకట్టలు కట్టి వరదను అదుపు చేయొచ్చని సూచించారు. అలాంటి మనిషి దగ్గర రావు పని నేర్చుకున్నారు.

కొన్నాళ్లకే రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే స్థాయికొచ్చారు. ఒకరోజు పెద్ద శాంపిళ్లకు వర్తించే ఒక ఫలితాన్ని వివరిస్తుంటే, వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి 'చిన్న శాంపిల్‌కూ ఇలాంటిది చూపించొచ్చా?' అన్న అర్థం వచ్చేలా అడిగాడు. సిలబస్‌లో లేదని మాస్టారు కూర్చోబెట్టలేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో చూపించారు. 1945లో అచ్చయిన వ్యాసంలో ఉన్న క్రామర్-రావు ఫలితం అదే. అప్పటికి మాస్టారికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ ప్రశ్న అడిగిన దండేకర్ తర్వాత మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్తగా పేరు పొందారు.

కొనుక్కునే ప్రాజెక్టులు

మరి ఇప్పుడో? ఫైనల్ ఇయర్ వచ్చేసరికి చాలా చోట్ల ప్రాజెక్టు అంటే డబ్బిచ్చి రికార్డు తెచ్చుకోవడమే. బైండింగ్ బాగుంటుంది, లోపల ఏముందో సంతకం పెట్టినవాళ్లకీ తెలియదు. పిల్లల్ని ఒక్కళ్లనే అని లాభం లేదు. అరవై మందికి ఒక్కరే గైడ్ అయితే ఎవరి దగ్గర కూర్చుంటారు?

నిజానికి మొదలుపెట్టడానికి పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. మార్కెట్ యార్డుల ధరలు ప్రభుత్వ పోర్టల్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మిరప ధరలు దించుకుని ఒక షీట్‌లో పెట్టుకుంటే అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఒకే రకం పేరు రెండు మూడు స్పెల్లింగుల్లో ఉండొచ్చు. ఆదివారం యార్డుకు సెలవు, గడి ఖాళీ. తెలియని కుర్రాడు దాన్ని సున్నాతో నింపుతాడు. ఆరు రోజులూ క్వింటా 12,000 పలికినా, ఏడో రోజు సున్నా వేసి సగటు కడితే 10,285 వస్తుంది. రైతు నష్టపోయినట్టు కాగితం మీద తేలిపోతుంది! సాఫ్ట్‌వేర్ ఆ తప్పు చెప్పదు. పక్కన కూర్చున్న మాస్టారు 'ఆ రోజు యార్డు తెరిచారా?' అని అడిగితేనే బయటపడుతుంది.

తుంగభద్ర డ్యామ్ సంగతీ అంతే. కట్టినప్పుడు 133 టీఎంసీలన్న సామర్థ్యం పూడిక వల్ల 105 టీఎంసీల చిల్లరకు తగ్గింది. 2024 ఆగస్టులో పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు నీళ్లు వదిలేయాల్సి వచ్చింది. ఆ ఏడాది నీటిమట్టాన్ని మామూలు ఏడాదిలా లెక్కేస్తే జవాబు తప్పుతుంది. ఇలాంటి తేడా పట్టడంలో హోసపేట పిల్లాడికి ఐఐటీ విద్యార్థి కంటే ఎక్కువే తెలిసి ఉండొచ్చు.

సరిహద్దు ఇవతల చిక్కు

యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన విధానం ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లకు 75 శాతం మార్కులున్నవారు నాలుగో ఏడు అధ్యాపకుని పర్యవేక్షణలో పరిశోధన చేయొచ్చు. అయితే కర్ణాటక 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి మారింది. కాబట్టి అక్కడి కాలేజీల్లో చదివే మన పిల్లలు ఆ నాలుగో ఏడును నమ్ముకోలేరు. వాళ్లకు వేసవి సెలవులే దిక్కు.

అందుకు దారి ఉంది. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్, రైలు ఛార్జీలు. గణితం, ఇంజనీరింగ్ విభాగాల కింద డేటా మీద పని కోరుకోవచ్చు. డిగ్రీ అధ్యాపకులకూ అవకాశం ఉంది. వాళ్లు వెళ్లొస్తే వెనకాల వచ్చే నాలుగు బ్యాచ్‌లు బాగుపడతాయి, కానీ ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. దరఖాస్తుతో పాటు ఏం చేయాలనుకుంటున్నారో సొంతంగా రాయాలి, పాఠం చెప్పిన మాస్టారి సిఫారసు లేఖ కావాలి. గడువు వేసవిలో కాదు, అంతకుముందు ఏడాది చివర్లోనే ముగిసిపోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

నేరుగా రాసుకోవాలన్నా బెంగళూరు, చెన్నైల్లో ఐఎస్‌ఐ కేంద్రాలున్నాయి. బెంగళూరులో ఐఐఎస్‌సీ, చెన్నైలో మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బరంపురం వాళ్లకు ఐసర్ ఊళ్లోనే ఉంది. ఒకే ఉత్తరం యాభై మంది ప్రొఫెసర్లకు పంపితే జవాబు రావడం కష్టం. ఒక్కరి వ్యాసం ఒకటి చదివి, అర్థం కాని చోటేదో పట్టుకుని, ఆ ఒక్కరికే నాలుగు ముక్కలు రాస్తే నయం. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు. చేసి చూసిన ఆ మిరప షీట్ కూడా జత చేయాలి, తప్పులతో సహా.