తెర మీద శాస్త్రవేత్త.. చేతిలో చీటీ!

బాన్సువాడ: యాసంగి వరి ఆకులపై తుప్పు మచ్చలు కనిపిస్తే మీరేం చేస్తారు? ఆకు తుంచుకొని మందుల దుకాణానికి పోతారు. ఆయన ఇచ్చిన డబ్బా తెచ్చి కొడతారు. చలికి వచ్చే ఆ మచ్చలు చాలాసార్లు తెగులే కాదు, జింకు లోపం. మందు ఖర్చు నీళ్లపాలు. పైరు గిడసబారే ఉంటుంది.

1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక వరి పెరిగిన ఆయకట్టు మనది. ఒక రైతు కొన్న డబ్బానే కాలువ పొడవునా అందరూ కొంటారు. అలా ఎన్ని ఇళ్ల సొమ్ము పోతుందో లెక్కేసుకోండి.

ఇంటి దగ్గరికే సలహా

దగ్గర్లోని రుద్రూరులో వరి, చెరకు పరిశోధన స్థానం ఉంది. నాట్ల వేళ పని విడిచి అక్కడికి పోయేదెవరు? ఇప్పుడా దూరం తగ్గింది. 2024 మార్చి 6న రాష్ట్రంలో 'రైతు నేస్తం' మొదలైంది. తొలి విడతలో 110 రైతు వేదికల్లో తెరలు పెట్టారు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రైతులతో నేరుగా మాట్లాడే ఏర్పాటు ఇది. 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ కూడా ఉంది. 1800 180 1551కు ఫోను చేస్తే ఖర్చు లేదు.

ఖర్చు లేని పనులు

నారు కొనలు తుంచి నాటితే కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే దోమ తగ్గుతుంది. జింకు లోపమైతే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. ఇలా మిగిలిన రూపాయి బాన్సువాడ అంగట్లోనే తిరుగుతుంది.

ఉద్దెర సంగతి

దుకాణదారు ఉద్దెర ఇస్తాడు, తెర ఇవ్వదు. రైతు ఆయన మాటే వినడానికి అసలు కారణమిదే. అందుకని దుకాణం మానుకోనక్కర్లేదు. ముందు శాస్త్రవేత్తను అడిగి మందు పేరు, మోతాదు చీటీ మీద రాసుకోండి. ఆ తర్వాతే దుకాణానికి పోండి. ఉద్దెరైనా సరే, చీటీలో ఉన్నదే తీసుకోండి.

అడిగేటప్పుడు విత్తనం రకం, నాటిన తేదీ, వేసిన ఎరువులు చెప్పండి. మంచి ఆకు, చెడ్డ ఆకు పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. కౌలు రైతులు, నాట్లేసే ఆడవాళ్లు కూడా తెర ముందు కూర్చోవాలి. మడిలో పురుగును ముందు చూసేది వాళ్లే కదా!