క్లోరోఫారం నేర్పిన పాఠం

ముదినేపల్లి నుంచి కైకలూరు వైపు బస్సులో వెళ్ళేవారికి దారికి రెండు ప్రక్కలా చేపల చెరువులు కనిపిస్తాయి. వాటిలో శీలావతి, బొచ్చె చేపలను పెంచుతారు. ఒక రైతుకు అటువంటి చెరువులు రెండు ఉన్నాయనుకుందాం. తవుడుకు బదులు ఒక కొత్త మేత వేస్తే చేపలు త్వరగా పెరుగుతాయని ఎవరో ఆయనకు చెప్పారు. నీరు బాగా ఉన్న చెరువులో ఆయన కొత్త మేత వేశాడు. రెండో చెరువులో పాత మేతే వేశాడు. పట్టుబడి నాడు మొదటి చెరువు చేపలే ఎక్కువ తూగాయి. ఇది మేత గొప్పతనమా? లేక నీటి గొప్పతనమా? ఆలోచించి చూడండి. ఈ ప్రయోగం నుంచి జవాబు చెప్పడం సాధ్యం కాదు.

సరిగ్గా ఇటువంటి చిక్కే ఆస్పత్రిలో డాక్టరుకూ ఎదురవుతుంది. ఒక మందు వాడాడు, రోగి కోలుకున్నాడు. మందు వల్ల కోలుకున్నాడా, లేక తనంతట తానే కోలుకునేవాడా? చెరువు విషయంలో పొరపాటు పడితే డబ్బు నష్టం. ఆస్పత్రిలో పొరపాటు పడితే ప్రాణ నష్టం. ఈ సంగతిని మన హైదరాబాదులో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన చక్కగా నేర్పుతుంది.

గుండెా? ఊపిరా?

పూర్వం శస్త్రచికిత్స అంటే భరించరాని బాధ. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ వాయువు పీల్పించి రోగికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరో డాక్టరు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం వాడకాన్ని ప్రవేశపెట్టాడు. అది తియ్యని వాసన గల ద్రవం. గుడ్డమీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర ఉంచితే చాలు, కొద్ది నిమిషాలలో స్పృహ తప్పుతుంది.

కాని మూడు నెలలైనా గడవకముందే దుర్వార్త వచ్చింది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే బాలికకు కాలిగోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. కొద్ది నిమిషాలలోనే ఆమె చనిపోయింది. ఆమె వయస్సు 15 సంవత్సరాలు. అంటే ఇంచుమించు మీ ఈడు పిల్ల. ఆ తర్వాత అక్కడక్కడ ఇటువంటి మరణాలు జరుగుతూనే వచ్చాయి.

చావుకు కారణమేమిటి? ఈ ప్రశ్న దగ్గర వైద్యులు రెండుగా చీలిపోయారు. క్లోరోఫారం గుండెను ఆపివేస్తుందని కొందరన్నారు. ముందు ఆగేది ఊపిరి, ఆ తర్వాతే గుండె అని మరికొందరన్నారు. ఇది మాటల కోసం జరిగిన తగవు కాదు. మత్తు ఇచ్చే డాక్టరు తన దృష్టిని నాడి మీద పెట్టాలా, ఊపిరి మీద పెట్టాలా అన్నది దీని మీదనే ఆధారపడి ఉంది.

హైదరాబాదు కమిషన్లు

ఆ రోజులలో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు రెసిడెన్సీ సర్జనుగా ఉండేవాడు. అక్కడి మెడికల్ స్కూలుకు కూడా ఆయనే అధిపతి. ఆ స్కూలే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. లారీ వేలాది రోగులకు క్లోరోఫారం ఇప్పించాడు. ఊపిరిని జాగ్రత్తగా గమనిస్తూ ఉంటే చాలు, క్లోరోఫారం వల్ల ప్రమాదం లేదని ఆయన గట్టి నమ్మకం. ఆయన శిష్యులలో రూపాబాయి ఫర్దూన్జీ అనే యువతి ఉంది. క్లోరోఫారం ఇవ్వడంలో ఆమె మంచి నేర్పు సంపాదించింది. ప్రపంచంలో మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళలలో ఆమె ఒకరు.

తన నమ్మకాన్ని పరీక్షించడానికి లారీ 1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఒక కమిషన్ ఏర్పాటు చేశాడు. కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేలింది. లండన్ నుంచి వెలువడే 'లాన్సెట్' వైద్య పత్రిక ఈ ఫలితాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ నిపుణుణ్ణి పంపండి, ఆయన ఎదుటనే మళ్ళీ ప్రయోగాలు చేద్దామని కోరింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ వైద్యుడు వచ్చాడు. 1889 చివరి నెలలలో రెండో కమిషన్ 400కు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిపింది. గుండెకే ప్రమాదమని నమ్మి వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీతో ఏకీభవించాడు.

ప్రయోగాలు శ్రద్ధగానే జరిగాయి. అయినా ముగింపు పూర్తిగా నిజం కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు గుట్టు బయటపెట్టాడు. మత్తు బాగా పట్టినప్పటి కంటె కొద్దిగా పట్టినప్పుడే గుండెకు ప్రమాదం ఎక్కువ. భయం వేసినప్పుడు మన శరీరంలో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. క్లోరోఫారంతో అది కలిసినప్పుడు గుండె కండరం లయ తప్పి ఊరికే అదురుతుంది. రక్తాన్ని నెట్టలేదు. క్షణాలలో ప్రాణం పోతుంది.

ఇంత పెద్ద ప్రయోగంలో ఇది ఎందుకు కనపడలేదు? మొదటి కారణం, ఆపరేషన్ బల్ల మీద భయపడుతూ పడుకున్న మనిషి స్థితి వేరు, ప్రయోగశాలలో జంతువు స్థితి వేరు. రెండో కారణం లెక్కకు సంబంధించినది. ఒక ప్రమాదం 3,000 సార్లలో ఒక్కసారి మాత్రమే వస్తుందనుకోండి. 400 సార్లు చూసినవారికి అది ఒక్కసారైనా ఎదురుపడే అవకాశం సుమారు ఎనిమిదింట ఒక వంతే. కాబట్టి ‘నేను చూడలేదు’ అన్న మాటకు ‘లేదు’ అని అర్థం కాదు.

లారీ చెప్పినదానిలో ఒక సగం నేటికీ నిజమే. మత్తులో ఉన్న రోగి ఊపిరిని క్షణక్షణం గమనించాలి. నాడిని పట్టించుకోనక్కరలేదన్నదే ఆయన పొరపాటు. 1974లో జపాను దేశపు టకువో అయోయాగి పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని వెల్లడించాడు. వేలికి తగిలించే ఈ చిన్న పరికరం నాడి వేగాన్నీ, రక్తంలోని ప్రాణవాయువు పాళ్ళనూ రెండింటినీ చూపుతుంది. అలనాటి రెండు పక్షాల తగవూ అందులో తీరిపోయింది. క్లోరోఫారం మటుకు ఆపరేషన్ గదుల నుంచి ఎప్పుడో నిష్క్రమించింది.

ముందు, తర్వాత

బల్ల మీద ప్రాణం నిలిస్తే సరిపోదు. ఇంటికి వెళ్ళాక గాయం చీము పట్టకూడదు, జ్వరం రాకూడదు. ఈ ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల పట్టిక ఒకటి తయారు చేసింది. రోగి పేరేమిటి, ఆపరేషన్ ఏ ప్రక్క, ఆక్సీమీటరు పని చేస్తోందా, వాడిన దూది, పరికరాలు లెక్కకు వచ్చాయా? ఇటువంటి ప్రశ్నలను అందరూ వినేటట్లు పైకి చదివి జవాబు చెప్పాలి. 2007-08లో న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రులలో దీనిని పరీక్షించారు. పట్టిక వాడక ముందు నూటికి 11 మందికి పెద్ద ఇబ్బందులు వచ్చాయి. వాడిన తర్వాత అది 7కు తగ్గింది. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి.

అయితే మన చెరువుల రైతును మరచిపోకండి. ‘ముందు, తర్వాత’ అని పోల్చినప్పుడు ఆ మధ్యకాలంలో మారినది పట్టిక ఒక్కటేనా? 2014లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆస్పత్రుల లెక్కలు వెలువడ్డాయి. అక్కడ పట్టిక వచ్చాక చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పట్టిక చెడ్డదని దీని అర్థం కాదు. దానిని మనసుపెట్టి వాడారా, కాగితం మీద టిక్కు పెట్టి ఊరుకున్నారా అన్నది కూడా చూడాలి. ఇటువంటి సందేహాలు తీరాలంటే పోలిక ఇంకా గట్టిగా ఉండాలి.

చీటీలు వేసి తేల్చడం

పోలికను గట్టిపరచే ఉపాయం చాలా తేలిక. చీటీలు వేయడమే! కొత్త పద్ధతి ఎవరికి, పాత పద్ధతి ఎవరికి అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీకి వదలాలి. అప్పుడు బలవంతులూ, బలహీనులూ, ముసలివారూ, పడుచువారూ రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా పడతారు. చివరకు తేడా కనిపిస్తే అది పద్ధతి వల్ల వచ్చిందేనని ధైర్యంగా చెప్పవచ్చు.

2022లో ఇటువంటి ప్రయోగం ఫలితం ఒకటి వెలువడింది. భారతదేశంతో సహా ఏడు దేశాలలోని 81 ఆస్పత్రులు అందులో పాల్గొన్నాయి. కడుపు ఆపరేషన్ జరిగిన 13,301 మంది రోగులను పరిశీలించారు. ప్రశ్న చాలా చిన్నది. గాయం కుట్టి మూసే ముందు డాక్టర్లు, నర్సులు కొత్త గ్లవ్సులు తొడుక్కుని, శుభ్రం చేసిన వేరే పరికరాలు తీసుకుంటే లాభమా? ఏ ఆస్పత్రి ఏ పద్ధతి పాటించాలో చీటీల వంటి ఏర్పాటుతోనే నిర్ణయించారు. 30 రోజుల వరకు రోగుల గాయాలు ఎలా ఉన్నాయో లెక్క వ్రాశారు. మామూలు పద్ధతిలో నూటికి 18.9 మందికి గాయం చెడింది. కొత్త పద్ధతిలో 16 మందికి మాత్రమే చెడింది.

నూటికి ముగ్గురేనా అనిపిస్తుందా? ఏ ఒక్క డాక్టరూ తన కళ్ళతో ఈ తేడాను పసికట్టలేడు. కాని వెయ్యి మందికి ఆపరేషన్ జరిగితే సుమారు 30 మంది చీము పట్టిన గాయంతో బాధపడకుండా ఇంట్లో తిరుగుతారు. లెక్క లేకపోతే ఆ ముప్ఫైమంది మనకు ఎన్నటికీ కనపడరు.

ఈ లెక్కలో రోగికీ భాగముంది. పల్లె నుంచి పట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నవారు చాలామంది, కుట్లు విప్పగానే ఇక పని అయిపోయిందనుకుంటారు. గాయం చెడిన సంగతి ఆ తర్వాతి రోజులలో కూడా బయటపడవచ్చు. మీ ఇంట్లో అమ్మమ్మకో, తాతయ్యకో ఏలూరు ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగితే, డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజున తప్పక వెంటబెట్టుకుని వెళ్ళండి. గాయం దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే ఆ రోజు వరకు కూడా ఆగవద్దు.

ఇక మన రైతు ఏం చేయాలి? రెండు చెరువులు చాలవు. ఊళ్ళోని మరికొందరు రైతులను కూడగట్టుకుని ఇరవై చెరువులకు చీటీలు వేయాలి. పదింటిలో కొత్త మేత, పదింటిలో పాత మేత వేయాలి. పట్టుబడి నాడు కాటా మీద తూచి, ఆ తూకం తన నమ్మకానికి అనుకూలమైనా, వ్యతిరేకమైనా ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. ఆస్పత్రిలో పరిశోధన చేసేవారు పాటించవలసిన నియమమూ ఇదే.