మంచుకొండకు దారి భువనగిరి గుట్ట మీదుగా

ఎక్కడం సగమే, క్షేమంగా దిగితేనే యాత్ర పూర్తి

స్టేషన్ ఘన్‌పూర్: ఇక్కడి స్టేషన్‌లో సికింద్రాబాద్ వైపు పోయే పాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే రఘునాథపల్లి, జనగామ, ఆలేరు దాటిన తర్వాత కుండ బోర్లించినట్టు ఒక పెద్ద బండ కనిపిస్తుంది. అదే భువనగిరి గుట్ట. పెండ్లి బట్టలకని, ఆస్పత్రికని, కూలి పనికని పట్నం పోయే మన ఊరివాళ్లు ఎన్నో సార్లు చూసిన గుట్టే. ఐదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఆ ఏకశిల మీద చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టించాడు. కోట చూడటానికి మెట్లెక్కి పోయేవారే అందరికీ తెలుసు. మెట్లు లేని వైపు నుంచి, తాడు కట్టుకుని, వేళ్ల కొసలతో బండను పట్టుకుని పైకి పాకే పిల్లలు కూడా అక్కడ ఉంటారన్న సంగతి చాలామందికి తెలియదు. అటువంటి పిల్లల్లో ఇద్దరు ఆ బండ మీద మొదలుపెట్టి ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఎవరెస్ట్ శిఖరం దాకా పోయి, క్షేమంగా దిగి వచ్చారు.

వారిద్దరూ కలిగినవారి బిడ్డలు కారు. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడా కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. తండ్రి సైకిళ్లు బాగుచేసి ఇల్లు నడిపినవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. 2014 మే 25న తెల్లవారుజామున ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన బాలికల్లో ఆమే అందరికన్నా చిన్నది.

110 మందిలో ఇద్దరు

పేపర్లో ఫొటో చూసినవారికి ఇదంతా ఒక్క రోజు ముచ్చటగా తోచవచ్చు. అసలు పని అంతకు ఎన్నో నెలల ముందే మొదలైంది. గురుకుల పాఠశాలల సొసైటీకి అప్పట్లో కార్యదర్శిగా ఉన్న పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ ప్రయత్నానికి పూనుకున్నారు. 2007లో స్వయంగా ఎవరెస్ట్ ఎక్కిన బచినేపల్లి శేఖర్ బాబు శిక్షకుడు. భువనగిరి బండ మీద సుమారు 110 మంది పిల్లలకు మొదటి పాఠాలు చెప్పారు. వారిలోంచి 20 మందిని ఏరి డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మంచు మీద నడక నేర్చి, 16 వేల అడుగులు దాటిన రీనాక్ శిఖరాన్ని ఎక్కారు. అందులోంచి తొమ్మిది మందిని మళ్లీ ఏరి 2014 జనవరిలో, గడ్డకట్టే చలికాలంలో, లడఖ్‌కు తీసుకుపోయారు. చివరికి మిగిలినవారు ఇద్దరు.

ఇందులో గమనించదగిన సంగతి ఒకటుంది. మొదట్లో పరీక్షించింది బలాన్ని మాత్రమే కాదు. భయం వేసినప్పుడు చెప్పిన మాట వింటున్నారా, అలసినప్పుడు తాడు ముడిని మళ్లీ ఒకసారి సరిచూసుకుంటున్నారా అన్నది కూడా కొండ మీద ముఖ్యమే. కూలి చేసే ఇంట్లో పుట్టి, మైళ్లు నడిచి, బరువులు మోసి పెరిగిన పిల్లలకు ఓపిక కొత్త కాదు. వారికి కావలసింది నేర్పేవాడు, సామాను, ఖర్చు భరించే సంస్థ. ఆ మూడూ దొరికాయి గనుకనే ఈ పని జరిగింది.

నడక కొంత, కాపు కొంత

హిమాలయ శిఖరం ఎక్కడమంటే పొద్దున బయలుదేరి సాయంత్రానికి దిగి రావడం కాదు. వారాల తరబడి సాగే యాత్ర. రోడ్డు ఆగిపోయిన చోట నడక మొదలవుతుంది. గుడారాలు, బియ్యం, పప్పు, కిరసనాయిలు లేదా గ్యాసు, తాళ్లు, మందులు, అన్నీ కంచరగాడిదల మీదనో, జడలబర్రెల మీదనో, కూలీల వీపుల మీదనో పోవాలి. శిఖరం అడుగున ఒక పెద్ద మకాం వేస్తారు. దాన్నే బేస్ క్యాంప్ అంటారు. వంటవాడు, వంట గుడారం అక్కడే. దానికి పైన ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న మకాములు.

ముందు నడిచేవాడు గైడు. హిమాలయాల్లో ఈ పనిలో పేరు మోసినవారు నేపాల్ కొండల్లోని షెర్పాలు. మంచు ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పలచగా ఉండి కింద లోయ దాగి ఉంది అన్నది వారు చూపుతో, గొడ్డలి పోటుతో పసిగడతారు. ముందుగా పోయి తాళ్లు బిగించేది, బరువు మోసేది, వెనుకబడినవాణ్ని దించేది వారే. ఎక్కినవారి పేరు పేపర్లో వస్తుంది, తాడు కట్టినవాడి పేరు తరచు రాదు. ఆ సంగతి మరువకూడదు.

ఎక్కేవారి ఒంటి మీద ఉండే సామానులో ముఖ్యమైనవి నాలుగు. నడుముకూ తొడలకూ చుట్టే పట్టీ, దానికి తగిలించే ఇనుప కొక్కెం, చేతిలో మంచుగొడ్డలి, బూట్ల కింద బిగించే క్రాంపాన్లనే ముళ్ల చట్రాలు. బిగించి ఉన్న తాడుకు కొక్కెం తగిలించే ప్రతి అడుగూ వేయాలి. ఒక తాడు నుంచి ఇంకో తాడుకు మారేటప్పుడు కూడా ఒక కొక్కెం తగిలించిన తర్వాతే రెండోది విప్పాలి. ఈ ఒక్క నియమం తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

గాలి పలచనయ్యే చోట

మన ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ పీల్చే గాలితో పోలిస్తే 18 వేల అడుగుల ఎత్తున అందే ప్రాణవాయువు సగమే. 29,032 అడుగుల ఎవరెస్ట్ కొసన మూడో వంతు. అక్కడ నాలుగు అడుగులు వేయడానికి, ఇక్కడ వడ్ల బస్తా ఎత్తుకుని పరుగెత్తినంత ఆయాసం.

ఒంటికి ఇది అలవాటు కావాలంటే తొందర పనికి రాదు. పదివేల అడుగులు దాటిన తర్వాత నిద్రపోయే చోటు ఎత్తును రోజుకు 1,600 అడుగులకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఉండాలని వైద్యులు చెబుతారు. అందుకే పగలు పైకి ఎక్కి సామాను పెట్టి రావడం, రాత్రి కిందికి దిగి పడుకోవడం పద్ధతి. బయటివారికి ఇది వట్టి తిరుగుడుగా కనిపిస్తుంది. ఆ తిరుగుడే ప్రాణం నిలుపుతుంది.

తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు అసలు మందు ఒకటే: వెంటనే కిందికి దించడం. తెల్లారనిద్దామని ఆగడం ప్రమాదం. ఒంట్లో బాగా లేదని గైడుకు చెప్పడానికి సిగ్గుపడినవాడే ఎక్కువ ఇబ్బందుల్లో పడతాడు.

టిబెట్ వైపు నుంచి

నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలన్న నిబంధన ఉంది. పూర్ణ చిన్నది కావడంతో బృందం ఉత్తరాన టిబెట్ వైపు నుంచి పోయింది. అటువైపు బేస్ క్యాంప్ 17 వేల అడుగుల ఎత్తున ఉంటుంది. పై మకాములలో చివరిది 27 వేల అడుగుల పైన. 26 వేల అడుగులు దాటిన చోటును కొండలెక్కేవారు మృత్యు మండలమని పిలుస్తారు. అక్కడ మనిషి తిన్నా, పడుకున్నా ఒళ్లు కోలుకోదు, క్షీణించడమే.

పిల్లలు ఇంకా కింద ఉండగానే పెద్ద కీడు వార్త వచ్చింది. 2014 ఏప్రిల్ 18న కొండకు అటువైపు, నేపాల్ దారిలోని ఖుంబూ మంచుపాతంలో మంచు చరియ కూలి 16 మంది నేపాలీ పనివారు చనిపోయారు. వారిలో ఎక్కువ మంది తాళ్లు, సామాను పైకి చేరవేస్తున్న షెర్పాలు. పిల్లలను వెనక్కి పిలవాలా అన్న ప్రశ్న తలెత్తింది. కొనసాగుతామని ఇద్దరూ అన్నారు. పదమూడేళ్ల పిల్లను అంత ఎత్తుకు పంపడం సబబేనా అని అప్పుడు అడిగినవారు ఉన్నారు. ఇప్పుడూ అడగవచ్చు. గెలిచి వచ్చారు గనుక ఆ ప్రశ్న తప్పయిపోదు. పిల్లలను పంపే ప్రతి పెద్దమనిషీ దానికి ముందు జవాబు చెప్పుకోవలసిందే.

శిఖరానికి చివరి నడక రాత్రిపూట మొదలవుతుంది. చీకట్లో మంచు గట్టిగా ఉంటుంది, ఎండ పొడవగానే మెత్తబడి జారుతుంది. తలకు దీపం, ముఖానికి ప్రాణవాయువు తొడుగు, ముందు షెర్పా. దారిలో మృతదేహాలు చూశానని, భయపడ్డానని పూర్ణ తర్వాత చెప్పింది. యాభై రోజులకు పైబడిన యాత్రలో శిఖరం మీద గడిపేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత దిగడం. ఒంట్లో శక్తి అయిపోయి, మనసులో పని అయిపోయిందన్న ధీమా వచ్చే వేళ అది. కొండ ప్రమాదాలు ఎన్నో దిగేటప్పుడే జరిగాయి. ఇన్ని గంటలకు శిఖరం అందకపోతే ఎంత దగ్గరున్నా వెనుదిరగాలని మంచి గైడు ముందే గడువు పెట్టేది అందుకే.

తిరిగి రానివారు

మన తెలుగువారు ఈ కొండలకు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు 1985లో సైన్యం జరిపిన ఎవరెస్ట్ యాత్రలో మరణించారు. ఆ యాత్రలో ఐదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. అదే పాఠశాలలో చదివిన నెల్లూరు జిల్లా గాంధీజనసంగం వాసి మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి పేరు పొందారు. గిరిజన కుటుంబం నుంచి వచ్చి పెద్ద చదువులు చదివిన మనిషి. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో దేహం దొరికింది. సొంత ఊరికి తెచ్చి అంత్యక్రియలు చేశారు. అంత అనుభవం ఉన్నవారికి కూడా వాతావరణం మినహాయింపు ఇవ్వదు.

శిక్షణలో కూడా అపాయం లేకపోలేదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపది కా దండా శిఖరం దగ్గర మంచు చరియ విరుచుకుపడి, ఉత్తరకాశీ సంస్థకు చెందిన శిక్షణార్థులు, శిక్షకులు 25 మందికి పైగా మరణించారు. ఈ సంగతులు దాచి పిల్లలను ఉత్సాహపరచడం న్యాయం కాదు.

మన పిల్లలు పోవాలంటే

ఆసక్తి ఉన్న యువతీ యువకులు మొదట ఎవరెస్ట్ పేరు పక్కన పెట్టాలి. డార్జిలింగ్‌లో 1954లో, ఉత్తరకాశీలో 1965లో స్థాపించిన ప్రభుత్వ సంస్థలు సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ ఇస్తాయి. వయసు నిబంధన, వైద్యుని ధ్రువపత్రం ఉంటాయి. ప్రాథమిక శిక్షణలో మంచి శ్రేణి వచ్చినవారికే పై శిక్షణ. ఆ తర్వాతే పెద్ద శిఖరం మాట.

అంతకుముందు ఇంటి దగ్గర చేయగలిగింది ఉంది. నెలల తరబడి రోజూ నడక, పరుగు, బరువుతో గుట్ట ఎక్కడం, దిగడం. బండ మీద తాడు పని మాత్రం తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయాలి. ఊరి గుట్ట మీద పాత తాడుతో సొంతంగా ప్రయత్నించడం ఎవరికీ తగదు. ప్రైవేటు యాత్రలతో పోయేవారు డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి: గైడు శిక్షణ ఎక్కడ పొందాడు, ఒక్కో గైడుకు ఎంతమంది, ఒంట్లో బాగా లేకపోతే దించే ఏర్పాటు ఏమిటి, ఎత్తు అలవాటుకు ఎన్ని రోజులు ఇస్తారు. రోజులు తగ్గించి చౌకగా తీసుకుపోతామనేవారితో జాగ్రత్త.

పూర్ణ ఎవరెస్ట్‌తో ఆగలేదు. ఒక్కొక్కటిగా ఎక్కుతూ 2022లో అలాస్కాలోని డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేశారు. మొదలుపెట్టిన చోటు మాత్రం మన రైలు కిటికీలోంచి కనిపించే ఆ బండే.

తాటిచెట్టు దాకా వచ్చిన తాడు

ఇంతకూ ఆ మంచుకొండ ఎక్కితే మన ఊరికి ఏమొస్తుందని అడిగేవారికి ఒక జవాబు ఉంది. మన దగ్గర రోజూ ప్రాణం పణంగా పెట్టి ఎక్కేవారు గౌడన్నలు. మోకు, ముస్తాదులతో తాటిచెట్టు ఎక్కి, కాలు జారి పడి నడుం విరిగినవారు, ప్రాణం పోయినవారు ఈ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. మోకు ఎక్కడానికి ఆసరా ఇస్తుందే గాని, పట్టు తప్పినప్పుడు మనిషిని ఆపదు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు రక్షణ సామాను పంపిణీ మొదలుపెట్టింది. అందులో ఉన్నవి పట్టీలు, తాళ్లు, కొక్కేలు. కొండలెక్కేవారు వాడే పద్ధతే. చేయి జారినా మనిషి కింద పడకుండా తాడుకు వేలాడతాడు.

సామాను ఇంటికి తెచ్చుకుని దూలానికి తగిలిస్తే ప్రయోజనం లేదు. అలవాటు లేదని, ఆలస్యమవుతుందని పక్కన పెడితే అది పట్టీయే గాని కవచం కాదు. భువనగిరి బండ మీద ఆ పిల్లలు నేర్చిన మొదటి పాఠం ఇదే: ముందు తాడు కట్టుకో, ముడి చూసుకో, తర్వాతే అడుగు వేయి. ఎవరెస్ట్ దాకా పోయినవారికి అదే పాఠం. పొద్దున్నే తాటివనానికి పోయే మనిషికీ అదే. ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి, ఎంత ఎత్తు ఎక్కాడన్నది తర్వాతి మాట. దిగి వచ్చాడా అన్నదే మొదటి మాట.