నాన్నగారి పాత డబ్బా

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నగారు ఒక పని అప్పజెప్పారు. "ఆ డబ్బాలో ఉన్నదంతా నీ దాంట్లోకి ఎక్కించుకుపోరా, ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు" అన్నారు.

డబ్బా అంటే ఆయన డీటీపీ షాపు నడిపిన రోజుల నాటి పెంటియం 4. 512 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఆయన టైపు చేసిన పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఊళ్ళో కవుల పుస్తకాలు వేల పేజ్‌మేకర్ ఫైళ్ళుగా అందులోనే ఉన్నాయి. అమ్మ ఉన్నప్పటి ఫొటోలు కూడా.

చిన్న ఫైళ్ళు విడివిడిగా కాపీ చేస్తే తెల్లారిపోతుంది, ఒకే మూటగా కట్టేద్దామనుకున్నాను. మనం ఇంజనీర్లం కదా! సెవెన్ జిప్‌లో అన్నిటికన్నా పైనున్న 'అల్ట్రా' ఎంచుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి నాలుగు శాతం. డిస్కు మాత్రం గరగరమంటూనే ఉంది. కాసేపటికి కరెంటు పోయింది, ఆ నాలుగూ పోయాయి. మర్నాటి రాత్రికే నా డల్లాస్ ఫ్లైటు.

అప్పుడు గానీ కుదురుగా ఆలోచించలేదు. పెళ్ళికార్డులన్నిటిలోనూ "బంధుమిత్ర సపరివార సమేతంగా" ఉంటుంది కదా. కంప్రెషన్ ప్రోగ్రాం దాన్ని ఒక్కసారే పూర్తిగా రాసి, రెండోసారి నుంచి "ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్ళు, ఇన్ని కాపీ చేసుకో" అని గుర్తు పెడుతుంది. లెంపెల్, జివ్ అనే ఇద్దరు 1977లో చెప్పిన ఉపాయమిది. జిప్, సెవెన్ జిప్ రెండూ దీనిమీదే నడుస్తాయి. ముఖ్యమైన తేడాల్లో ఒకటి ఎంత వెనక్కి గుర్తుంచుకుంటాయన్నది. మామూలు జిప్ 32 కేబీ గుర్తుంచుకుంటే, నేను పెట్టిన అల్ట్రా 64 ఎంబీ గుర్తుంచుకుంటుంది. అందులో వెతకడానికి కట్టుకునే పట్టికలతో కలిపి దాదాపు 700 ఎంబీ మెమరీ కావాలి. ఉన్నదే 512. మిగతాది విండోస్ హార్డ్ డిస్కు మీద సర్దుతుంది. ర్యామ్‌తో పోలిస్తే డిస్కు నత్తే. ఇన్నాళ్ళూ ప్రాసెసర్ ముసలిదైందని తిట్టుకున్నాను గానీ, పాపం అది రాత్రంతా డిస్కు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మామూలు జిప్, 'ఫాస్ట్' లెవెల్. కొన్ని ఎంబీల మెమరీతో సరిపెట్టుకుంటుంది. ఫొటోలను పక్కకు తీశాను. జేపెగ్ అంటేనే ఒకసారి పిండేసిన బట్ట, మళ్ళీ పిండితే చుక్క రాదు. వాటిని నేరుగా కాపీ చేశాను. జిప్‌ను డీ డ్రైవులో కాకుండా పెన్‌డ్రైవ్‌లోకే రాయించాను. ఆ మెషీన్లో సీ, డీ రెండూ ఒకే డిస్కు. చదవడం, రాయడం రెండూ దానికే అప్పజెబితే దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది. నెట్ తీగ పీకేసి, ప్రతి ఫైలునీ తడుముతున్న యాంటీవైరస్‌ను కాసేపు ఆపాను.

నలభై నిమిషాల్లో అయిపోయింది! అల్ట్రా అయితే ఇంకొంచెం చిన్న మూట వచ్చేది, నిజమే. కానీ పూర్తికాని చిన్న మూట కన్నా చేతిలో ఉన్న పెద్ద మూట మేలు కదా.

ఇంకో రెండు మాటలు. కట్టిన వెంటనే 'టెస్ట్' నొక్కి చూడండి. జిప్ ప్రతి ఫైలుకీ ఒక సరిచూపు సంఖ్య దాచుకుంటుంది, ఎక్కడైనా చెడితే అక్కడే తెలిసిపోతుంది. అలాగే ఆ రోజుల్లో వాడిన తెలుగు ఫాంట్లను కూడా మూటలో వేసుకోండి. అవి యూనికోడ్ కావు. ఫాంటు లేకపోతే ఫైలు భద్రంగానే ఉంటుంది, అక్షరాలే ఉండవు.

బయల్దేరేటప్పుడు నాన్నగారు "ఇక దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయనా?" అన్నారు. డల్లాస్ చేరి మూట విప్పి చూసేదాకా ఆగమన్నాను. చేరాక అన్నీ తెరుచుకున్నాయని ఫోన్ చేశాను. డబ్బాను మాత్రం ఆయన ఇంకా ఇవ్వలేదు.